రాహేలు గీసిన కప్ప

బీయస్సీ ఆఖరి ఏడాదిలోకి వచ్చేసరికి రాహేలుకు ఒక ప్రశ్న వింటేనే ఒళ్లు మండేది. ముందు ముందు ఏం చేద్దామనుకుంటున్నవు? చర్చి మెట్ల మీద పాస్టరమ్మ అడిగేది. తార్నాక బస్టాపులో ముఖం మాత్రమే తెలిసిన మనుషులు కూడా అడిగేవాళ్లు. మెట్టుగూడ రైల్వే క్వార్టర్సులో ఉండే తండ్రి దానయ్య అయితే అడగడమే కాదు, జవాబు కూడా తానే చెప్పేవాడు. రైల్వేలో క్లర్కు పరీక్ష రాయాలి. వర్క్‌షాపులో ఖలాసీగా ఇరవై రెండేళ్లు ఇనుము మోసిన మనిషి. కుర్చీలో కూర్చొని చేసే పని ఏదైనా ఆయన కంటికి గొప్పదే.

పెద్దమ్మ లెక్క వేరు. పెద్దమ్మ, అంటే రాహేలు తల్లికి అక్క, ఆస్పత్రిలో నర్సు. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఒకే గదిలో ఆరుగురు పడుకునే క్వార్టర్సులో పిల్లకు చదువు సాగదని, యూనివర్సిటీకి నడిచిపోయేంత దూరంలో తార్నాకలో తాను అద్దెకుంటున్న రెండు గదుల పోర్షన్‌కు రాహేలును తెచ్చుకుంది. ఆమె ప్రకారం రాహేలు డాక్టరు కావాలి. పీయూసీ మార్కులకు సీటు రాలేదు గనక, బీయస్సీ ఫస్టు క్లాసులో పాసై మళ్లీ ప్రయత్నం చెయ్యాలి. అందుకే జువాలజీ.

రాహేలుకు ఆస్పత్రి వాసన పడదు. ఆ మాట పెద్దమ్మతో అనే ధైర్యం లేదు. అనే ధైర్యం చేసినా, మరేం చేస్తవు అని తిరిగి అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. అసలు కోపం అక్కడే వచ్చేది, ఎదుటివాళ్ల మీద కాదు, తన మీదనే.

ఆ ఏడు, అంటే అరవై ఎనిమిది జులైలో, కాంపస్‌కు ఉద్యోగాల సంగతి చెప్పే ఆఫీసరొకాయన వచ్చి సైన్సు పిల్లలందరికీ తలా ఒక కాగితం పంచాడు. నాకు ఇష్టమైన పనులు ఐదు. నేను విలువిచ్చే సంగతులు ఐదు. పదేళ్ల తర్వాత నేను ఎక్కడుంటాను. పక్క బల్ల మీది మొగిలి రెండు నిమిషాల్లో నింపేశాడు. ఘట్‌కేసర్ అవతల వరి పండించే ఇంటి పిల్లగాడు. పదేళ్ల తర్వాత డిప్యూటీ కలెక్టరు అని రాసి, కింద గీత కూడా కొట్టాడు. రాహేలు గంటసేపు కూర్చుంది. విలువల కింద 'అబద్ధం ఆడకపోవడం' అని రాసింది. రాసి చూసుకుంటే సండే స్కూలు పాఠంలా కనిపించి కొట్టేసింది. ఇష్టాల కింద 'బొమ్మలు గీయడం' అని రాసి, కాగితం చిరిగేదాకా కొట్టేసింది. కొట్టివేతలు తప్ప ఏమీ లేని కాగితం ఇస్తే ఆ ఆఫీసరు దాన్ని జాగ్రత్తగా మడిచి ఫైల్లో పెట్టుకున్నాడు. అది చూసి ఆమెకు ఇంకా చిరాకు పుట్టింది.

బొమ్మలంటే అంత విసుగు ఎందుకో క్లాసులో అందరికీ తెలుసు. వాళ్లే కారణం. రాహేలు చెయ్యి మంచిదని మొదటి ఏడే పేరు పడింది. పెన్సిలు మొన సూదిలా చెక్కి, నీడ ఉన్నచోట చిన్న చిన్న చుక్కలు పెట్టి గీసేది. ఇంకేముంది, తన ల్యాబు రికార్డుతో పాటు మరో పదిమందివి ఆమె బల్ల మీద చేరాయి. మొగిలి సీతాఫలాలు తెచ్చేవాడు. ఒకరు తలనొప్పి అనేవారు, ఒకరు చెయ్యి వణుకుతుంది అనేవారు. కాదనలేక అన్నీ గీసేది. పదకొండు వానపాములు, పదకొండు బొద్దింకలు, అన్నీ పుస్తకంలో ఉన్న బొమ్మ చూసి గీసినవే. ల్యాబులో కోసి చూసిన వానపాము వంకర తిరిగి ఉంటుంది, పుస్తకంలోది కర్రలా ఉంటుంది. రికార్డులో కర్రే ఉండాలి. డెమాన్‌స్ట్రేటరు వెంకటస్వామి సారు పేజీ సగం తిప్పి, ఎర్ర సిరాతో సంతకం పెట్టి, పక్క రికార్డు అందుకునేవాడు. పదకొండూ ఒకే చేతివని ఆయనకు తెలుసు. తెలిసీ పెట్టేవాడు.

జనవరి వచ్చేసరికి తెలంగాణ ఉద్యమం లేచింది. క్లాసులు ఆగాయి, హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. తార్నాక చౌరస్తాలో పోలీసు లారీలు నిలిచాయి. మొగిలి ఊరేగింపుల్లో తిరిగాడు. ఎవరి రికార్డులూ రాలేదు. మొదటి వారం రాహేలు హాయిగా ఊపిరి పీల్చుకుంది. రెండో నెలకు ఆ హాయి పోయింది. పరీక్షలు ఎప్పుడో తెలియదు, అసలు ఉంటాయో లేదో తెలియదు. చదివిందే చదవడం, మరిచిపోవడం. బస్సులు నడవని రోజుల్లో పెద్దమ్మ ఆస్పత్రికి కాలినడకన పోయి, ఉబ్బిన పాదాలతో తిరిగొచ్చి, గుమ్మంలోనే అడిగేది, ఇయ్యాల ఏం చదివినవు అని.

పోర్షన్ వెనక గోడ పక్కన ఒక ఆముదం చెట్టు ఉండేది. ఒకనాడు బట్టలు ఆరేస్తూ చూస్తే ఆకు అంచును ఒక పురుగు తింటోంది. నడిచేటప్పుడు నడుము పైకి విల్లులా వంచి, వెనక కాళ్లను ముందుకు లాక్కుంటుంది. రైతులు దాసరి పురుగు అంటారు దాన్ని. రాహేలు తడి బట్టలు బకెట్లోనే వదిలి, లోపలికి పోయి కాగితం, పెన్సిలు తెచ్చుకుంది. మర్నాడు మళ్లీ గీసింది. పురుగు చర్మం విడిచింది, రంగు మారింది, మళ్లీ గీసింది. ఆకును మడిచి గూడు కట్టుకుంది, అదీ గీసింది. పద్నాలుగు కాగితాలు అయ్యాయి. అప్పుడు తట్టిందామెకు, ఈ పని తనను ఎవరూ చెయ్యమనలేదని. ఏడాది పొడుగునా పెన్సిలును తిట్టుకున్న తాను, అడిగేవాళ్లే లేని రోజుల్లో ఎండలో గొంతుకూర్చొని పురుగును గీస్తోంది. సంతోషం కలగలేదు. ఒట్టి ఒళ్లుమంట. ఈ సంగతి ముందే తెలిస్తే ఆ కాగితం మీద రాసి పారేసేది కదా. కళ్లతో చూసినదాన్ని గీయడం వేరు, ఎవరో గీసినదాన్ని దించడం వేరు. ఇంత చిన్న తేడా తెలియడానికి యూనివర్సిటీ మూతపడాల్సి వచ్చింది.

పెద్దమ్మ ఆ కాగితాలు చూసింది. పరీక్షలు మీద పెట్టుకొని పురుగుల బొమ్మలేందని గట్టిగానే కోప్పడింది.

ప్రాక్టికల్ పరీక్ష ఎట్టకేలకు వానలు వెనుకపట్టాక పెట్టారు. కప్పను కోసి మూత్రపిండాలు, వాటి గొట్టాలు చూపించి, బొమ్మ గీసి పేర్లు రాయాలి. ల్యాబు అటెండరు పోచయ్య తలా ఒక ట్రే ముందు పెట్టాడు. రాహేలు తన కప్పను కోసింది. కుడిపక్క మూత్రపిండం ఉంది, మామూలుకంటే పెద్దగా ఉంది. ఎడమపక్క ఏమీ లేదు. భూతద్దం పెట్టి చూసింది. తెగిన గుర్తు లేదు, రక్తం లేదు, అక్కడికి వచ్చే నాళమే లేదు. పుట్టుకతోనే ఒకటే ఉన్న కప్ప. అన్ని ట్రేల్లో అది తన ట్రేలోకే రావాలా అని ఒక క్షణం పళ్లు కొరుక్కుంది. తర్వాత ఒక్కటే గీసింది.

వెంకటస్వామి సారు వెనక నుంచి చూసి వంగి, గొంతు తగ్గించి అన్నాడు. "రెండోది గీసెయ్యి. బయట నుంచి వచ్చిన ఎగ్జామినరు. నువ్వు కోసి పారేసినవనుకుంటడు."

"లేనిదాన్ని ఎట్ల గీస్తా సార్?"

"పుస్తకంల ఉన్నది గద."

"నా ట్రేల లేదు సార్."

సారు అటూ ఇటూ చూసి వెళ్లిపోయాడు. ఎగ్జామినరు వచ్చాడు, ట్రే చూశాడు, బొమ్మ చూశాడు. రెండోదాన్ని కత్తెరతో తీసేసి, తెలివిగా పుట్టుకతోనే లేదంటున్నావా అన్నాడు. రాహేలు భూతద్దం ఆయన చేతికి ఇవ్వబోయింది. ఆయన తీసుకోలేదు. ఇంకా ముప్పై ట్రేలు చూడాల్సి ఉంది. ఎర్ర పెన్సిలుతో బొమ్మ మీద అడ్డంగా గీత పడింది.

మర్నాడు పోచయ్య దారిలో ఎదురై సారు పిలుస్తున్నాడని చెప్పాడు. ఆ కప్పను పోచయ్య పారేయలేదు. ఇరవై ఏళ్లుగా కప్పలు పట్టి తెస్తున్నవాడు, ఇటువంటిది చూడలేదని గాజుసీసాలో వేసి ఉంచాడు. పరీక్ష అయ్యాక సాయంత్రం సారు తీరిగ్గా చూశాడట.

"నువ్వు గీసిందే కరెక్టు," అన్నాడు వెంకటస్వామి సారు. "కాని మార్కులు పోయినయి. ఇప్పుడు చెయ్యగలిగేదేం లేదు."

"పరీక్షప్పుడే చూస్తే పోయేటివి కావు గద సార్."

ఆయన సీసాకు మూత బిగించాడు. ఆమెకు అనాల్సినవి ఇంకా ఉన్నాయి గాని, ఆయన ముఖం చూసి ఊరుకుంది. ఊరుకున్నందుకు ఇల్లు చేరేదాకా తనను తాను తిట్టుకుంటూనే ఉంది.

ఫలితాల్లో సెకండు క్లాసు వచ్చింది. ఫస్టు క్లాసుకు నాలుగు మార్కులు తక్కువ. డాక్టరు చదువు సంగతి అక్కడితో ముగిసింది. పెద్దమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడోనాడు అన్నం ముందు కూర్చొని ముద్ద కలపకుండానే అడిగింది. "ఒక్క గీత గీస్తే నీదేం పోతుండె?"

రాహేలు ఈ మాట కోసమే కాచుకొని ఉన్నట్టు జవాబిచ్చింది. "పెద్దమ్మా, వార్డుల నువ్వు జ్వరం చీటీ రాస్తవు గద. థర్మామీటరు పెట్టకుండ ఎన్నడన్న రాసినవా?"

"అది రోగి పానం."

"రాయలేదు గద?"

"రాయలె."

"నాకూ అంతే."

పెద్దమ్మ అన్నం కలపడం మొదలుపెట్టింది. ఆమె ఒప్పుకోలేదు. మరేం చేసి బతుకుతవు అని మాత్రం అడిగింది. ఈసారి ఆ ప్రశ్నకు రాహేలుకు కోపం రాలేదు. బొమ్మలు గీస్తానంది, చూసినవి చూసినట్టు గీసే పని ఎక్కడుంటే అక్కడికి పోతానంది. అట్లాంటి పని ఉంటుందా అని పెద్దమ్మ అంటే, తెలియదంది.

ఉందని చెప్పింది వెంకటస్వామి సారే. కప్ప సంగతి ఆయన్ను వదల్లేదేమో, పోచయ్యను ఇంటికి పంపించి రాహేలును పిలిపించాడు. వ్యవసాయం వాళ్ల ఆఫీసొకటి పైర్ల పురుగుల మీద రైతులకు కరపత్రాలు అచ్చు వేస్తోంది, బొమ్మలు గీసే మనిషి కోసం చూస్తున్నారు, టెంపరరీ పోస్టు. ఏమైనా గీసినవి ఉంటే తీసుకొని పొమ్మన్నాడు. ఈ మాట మొగిలితో చెబితే అతను నవ్వుతాడనుకుంది. అతను నవ్వలేదు.

"పోయినేడు మా ఊరికి గసొంటి కాయితమే వచ్చింది," అన్నాడు. "మా నాయినకు చదువు రాదు, బొమ్మ చూసిండు. గీ పురుగు మన పొలంల లేదు అన్నడు, మందు కొట్టలె. ఉన్నది అదే పురుగు. బొమ్మనే వేరే తీరుగ ఉండె. సగం మడి గింజ పట్టని తెల్లకంకులైంది."

అప్పటిదాకా రాహేలుకు ఇది తన పట్టుదల మాత్రమే. ఒక బొమ్మ తప్పుగా గీస్తే ఎక్కడో ఒకరి మడి పోతుందని ఆమెకు తోచలేదు. మొగిలి మీద కూడా విసుక్కుంది, ఈ సంగతి ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదని. నువ్వెప్పుడడిగినవు అన్నాడతను.

ఆఫీసులో ఆఫీసరు ఆముదం పురుగు కాగితాలు పద్నాలుగూ బల్ల మీద పరిచి నిలబడి చూశాడు. ఏ పుస్తకంలోవి అని అడిగాడు. మా గోడ పక్క చెట్టు మీదివి అంది రాహేలు. ఆయన అచ్చయిన పాత కరపత్రం ఒకటి చూపించి, ఇది ఎట్లుంది అన్నాడు. ఎవరో పరదేశపు పుస్తకం నుంచి దించిన బొమ్మ. బాగలేదు సార్ అంది. ఉద్యోగం పోయిందనుకుంది. వారానికి కాగితం వచ్చింది, సోమవారం చేరమని.

దానయ్యకు కుర్చీ ఉందా అన్నదొక్కటే కావాలి. ఉందని తెలిసి మెట్టుగూడంతా చెప్పుకున్నాడు. పెద్దమ్మ చర్చిలో మాత్రం, మా రాహేలు గవర్నమెంటు ఆఫీసుల ఉన్నది అంటుంది, ఏం పని అని ఎవరైనా అడిగితే మాట మారుస్తుంది. అది విన్నప్పుడల్లా రాహేలుకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అట్లని కొట్లాడదు. తన చదువు కోసం ఉబ్బిన కాళ్లతో నడిచిన మనిషి.

పనిలో చేరాక విసుగు తగ్గుతుందనుకుంటే తగ్గలేదు, చోటు మారింది. వరి కాండం తొలిచే పురుగు తాలూకు ఆడ రెక్కల పురుగును ఆమె మూడు రోజులు పొలంలో కూర్చొని గీసింది. ఎండుగడ్డి పసుపు రంగు, రెక్కకు ఒక నల్ల చుక్క. ముషీరాబాద్‌లోని ప్రెస్సుకు పంపితే, అచ్చయి వచ్చిన మొదటి కాగితం మీద ఆ పురుగు గులాబ్‌జామూన్ రంగులో ఉంది. రాహేలు బస్సెక్కి పోయింది. ప్రెస్సు యజమాని కుర్చీ వేయించి చాయ్ తెప్పించాడు. పసుపు మరీ పాలిపోయినట్టు ఉంటదమ్మా, ఇదైతే కళగ ఉంటది, పురుగు రంగు ఎవడు చూస్తడు అన్నాడు.

రాహేలు చాయ్ ముట్టలేదు. పర్సులోంచి అగ్గిపెట్టె తీసి తెరిచింది. లోపల దూది మీద చచ్చిన పురుగు ఒకటి ఉంది. దాన్ని కాగితం పక్కన పెట్టింది. ఇంకు మళ్లీ కలపమంది. యజమాని పురుగును చూశాడు, గడియారం చూశాడు, ఆమె ముఖం చూసి మిషను ఆపమని లోపలికి కేకేశాడు. నాలుగుసార్లు కలిపారు. నాలుగుసార్లూ ఆమె కాదంది. అయిదోసారి కాగితాన్ని కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకొని, కొద్దిగా తెల్లది కలపండి అంది.