కాటా పక్కన కాశయ్య

గిద్దలూరు బజారు వీధి బాగుపడిందని అందరూ అంటారు. నేను అనను. ఆ వీధిలో ముప్పై ఏళ్లు గింజలు కొలిచి బతికిన కాశయ్యను, ఎదురుగా నా ఆకువక్క బంకులో కూర్చుని చూసినవాణ్ణి.

అప్పట్లో దుకాణాలకు చెక్క తలుపులు, ముందర అరుగులు. అరుగు మీద గింజలు రాశి పోస్తే కాశయ్య కుంచంతో కొలిచేవాడు. మొదటి కుంచానికి "ఒకటి" అనకుండా "లాభం" అని గొంతెత్తేవాడు. రాచర్ల, అర్ధవీడు రైతులు దుకాణాల శెట్లను నమ్మి కాదు, కాశయ్య చేతిని నమ్మి వచ్చేవాళ్లు.

ఇక కుంచాలు చెల్లవు, కిలోలే అని సర్కారు చెప్పింది. రెండేళ్లలో వీధి రూపే మారింది. అరుగులు కొట్టేశారు, మిద్దెలు లేపారు, పేర్లు రాసిన బోర్డులు కట్టారు. ఉమామహేశ్వర్లు శెట్టి దుకాణంలో ఇనుప కాటా దిగింది. రైతులు దాన్ని చూసి బెదిరి, మూటలు విప్పకుండానే వెనక్కి మళ్లారు. శెట్టి ఏమన్నా తెలివి తక్కువవాడా! కాశయ్యను పిలిచి కాటా పక్కన కూర్చోబెట్టాడు. ముల్లు చూసి తూకం పలకడమే పని. జనం మళ్లీ వచ్చారు.

వారం తిరక్కముందే కాశయ్య మోసం పట్టాడు. తాను కొలిచి చూసుకున్న బస్తా కాటా ఎక్కేసరికి మూడు కిలోలు తగ్గుతోంది. శెట్టిని అడిగాడు.

"నీకెందుకు కాశయ్యా? కూచోని పలుకు. కాదంటే ఇంటికి పో. ఈ బజార్లో కుంచం పట్టుకోని యాడ బతుకుతావు?"

కాశయ్య లేచి వెళ్లిపోతాడనుకున్నాను. పోలేదు. ఇంట్లో నలుగురు తినాలి. నేనూ నోరు మెదపలేదు. నా బంకు ఉన్నది శెట్టి స్థలంలోనే.

ఆ ఏడు కాశయ్య చెల్లెలు వీరమ్మ రాచర్ల నుంచి కొర్రల బస్తా తెచ్చింది.

"ఈ కిలోలేందో నాకు తెల్దన్నా. పక్క దుకాణమాయన పిలిచినాడు, పోలా. నువ్వుండావని ఈడికే వచ్చినా."

బస్తా కాటా ఎక్కింది. కాశయ్య ముల్లు వంక చూశాడు. శెట్టి కాశయ్య వంక చూశాడు.

"యాభై ఏడు," అన్నాడు కాశయ్య. అరవై ఉందని బస్తా దింపేటప్పుడే ఆయనకు తెలుసు.

వీరమ్మ కాటా వైపు తల కూడా తిప్పలేదు. కొలిచినవాడికి దోసెడు గింజలు పెట్టడం పాత ఆనవాయితీ. కాటా వచ్చాక అందరూ మానేశారు. ఆమె మాత్రం విడిగా మూటగట్టి తెచ్చింది.

"వద్దులే వీరమ్మా."

"అట్లంటే ఎట్లన్నా? న్యాయంగా పలికినోనికి పెట్టకుంటే నాకు పాపం. పట్టు."

కాశయ్య కండువా పట్టాడు.