రెండో జత కళ్ళు

మా వీధి వెనక కాలువ గడియారాల మేస్త్రిని చూడగానే ఆగిపోతుంది. సరే, పూర్తిగా ఆగదు, కాస్త నెమ్మదిస్తుంది. ఊరి కాలువల నీళ్ళను జనమే పరీక్షించే బృందంలో ఆయనా ఒకడు. వారానికోసారి ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి వంతెన కింద కూర్చుని, గాజుగొట్టం అడుగునున్న నల్లగుర్తు కనబడకుండా పోయేదాకా కాలువ నీళ్ళు పోస్తాడు. నీళ్ళెంత తేటగా ఉన్నాయో అలా తెలుస్తుంది. గడియారాలు బాగుచేసిన అలవాటుకొద్దీ ఒక కన్ను మూసుకునే చూస్తాడు. ఇద్దరు చూసి ఒప్పుకుంటేనే లెక్క చెల్లుతుందని బృందం నియమం. ఆ రెండో మనిషి, కళ్ళజోడు పెట్టుకునే ఆయన భార్య. ఆవిడ పోయాక కూడా మేస్త్రి గొట్టాన్ని పక్కకు జరిపి, కాసేపు ఆగి, "కనిపిస్తోందా? అబద్ధాలాడకు!" అని గొణిగి, మళ్ళీ తనే వంగేవాడు.

మొన్న బృందాన్ని నడిపే అమ్మాయి వచ్చింది. "బాబాయ్, ఒక్కరే చూస్తే కుదరదు. ఈ వంతెన దగ్గర పరీక్ష ఆపేయమంటున్నారు."

"ఒక్కణ్ణేనని నీకెవరు చెప్పారు?" అని మేస్త్రి కసిరాడు.

ఆ పిల్ల పక్కన కూర్చుని గొట్టంలోకి వంగింది. "నాకింకా కనిపిస్తోంది."

"కళ్ళజోడు తుడుచుకోవే, మహాతల్లీ!" అనేశాడాయన.

ఆ పిల్లకు కళ్ళజోడే లేదు. అయినా ఆమె చున్నీ అంచుతో కళ్ళే తుడుచుకుని మళ్ళీ వంగింది.

ఈ సంగతి అడిగితే మేస్త్రి నా మొహం మీదే తలుపు వేసినంత పని చేశాడు.

"అన్నీ నీ కోతలే. కాలువ దగ్గర నాకు మాట్లాడ్డానికి ఎవరున్నారు?"