మామ్మ ఉచ్చకు పట్టిన చీమలు

నా చిన్నప్పుడు మా మామ్మ తిండి బాగానే తింటూ కూడా పుల్లలా ఎండిపోయింది. బిందెడు నీళ్లు తాగేది, పెరట్లోకి పదిసార్లు వెళ్లేది. ఆమె ఉచ్చ పోసిన చోట చీమలు బారులు కట్టడం మొదట చూసింది నేనే. ఆ బారు పక్కింటి అత్త గోడ కిందనుంచి వస్తోందని చెప్పిందీ నేనే. ఆ ఒక్క మాట చాలింది. అత్త చిల్లంగి పెట్టిందని మా పెదనాన్న తేల్చేశాడు. చేతబడిని మా వైపు అలాగే అంటారు. ఆ పేరు పడ్డ ఆడదానికి మంత్రం పలక్కుండా పళ్లు ఊడగొట్టేవారు. అత్తకు మొగుడు లేడు, అడిగే దిక్కూ లేదు. పెదనాన్న నలుగురిని పోగేసి ఆమెను మా వాకిట్లోకి లాక్కొచ్చాడు. చేతిలో రాయి.

చీపురుపల్లి నుంచి టీకాలు వెయ్యడానికి వచ్చిన నర్సమ్మ మధ్యలోకి దూరింది. ముందు ముసలమ్మ ఉచ్చ తెమ్మంది. గాజు గొట్టంలో నీలం మందు పోసి, అందులో ఎనిమిది చుక్కల ఉచ్చ వేసి, స్పిరిట్ దీపం మీద మరిగించింది. నీలం కాస్తా ఆకుపచ్చై, పసుపై, ఇటుక రంగుకు తిరిగింది. ఉచ్చలో చక్కెర పోతోందని, చీమలు దానికే వచ్చాయని చెప్పింది.

పెదనాన్న ఎగిరిపడ్డాడు. "మాయమ్మ బెల్లం ముట్టి నెల్లాళ్లయ్యింది. సెక్కెర ఎక్కడినుంచి వస్తాది? ఇదే ఎట్టింది!"

నర్సమ్మ మా కుండలోంచి ఉట్టి అన్నం తీసి అతని నోట్లో కుక్కింది. "మింగీకు బావూ, నవులు."

అందరూ చూస్తుండగా గేదెలా నమిలాడు. నమిలి నమిలి మొహం అదోలా పెట్టాడు.

"ఏటి, తియ్యగున్నాదా?"

"తియ్యగే ఉన్నాది."

"మరి నీ నోట్లో ఎవులెట్టినారు సిల్లంగి?"

వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. అన్నం ఎవరి ఒంట్లోనైనా చక్కెరే అవుతుందని, మామ్మ ఒంటికి అది పట్టక బయటికి పోతోందని నర్సమ్మ విడమరిచింది. పెదనాన్న రాయి కింద పడేశాడు. తప్పయిందని మాత్రం అనలేదు. నేనూ అనలేదు. అత్త చీర దులుపుకుని తనింటికి తానే నడిచి వెళ్లింది.

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. చదువులేని వాళ్లే ఇలాంటివి నమ్ముతారని చదువుకున్నవాళ్లు అంటే ఒళ్లు మండుతుంది. అక్షరం ముక్క రాని రోజునే నాకిది అర్థమైంది. ఇప్పటికీ ఏ ఆడదాని మీదైనా ఆ పేరు వేస్తే, వెళ్లి ఆమె ముందు నిలబడతాను. ముందు నా పళ్లు ఊడగొట్టమంటాను. ఇంతవరకు ఎవడూ చెయ్యెత్తలేదు.