అవతలికి మడిచిన ఆకు

నేను కాలేజీలో చదివే రోజుల్లో, తమిళనాట కినత్తుకడవులోని మా తెలుగింట్లో దేవుళ్ళందరికీ ఒక మెట్టు పైన చెన్నై క్రికెట్ జట్టు ఉండేది. చెన్నై బాగా ఆడుతున్నంతసేపూ ఎవరెక్కడుంటే అక్కడే కదలకుండా ఉండాలని తాత శాసనం. (ఒకసారి నేను తల తుడుచుకుంటూ స్నానాలగది గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆ మ్యాచ్ గెలిచాం, నాకు జలుబు పట్టుకుంది.)

అలాంటి ఇంటికి, అక్క పెళ్ళయిన కొత్తలో, బావ బోడినాయకనూరు నుంచి మొదటి విందుకు వచ్చాడు. ఆ మధ్యాహ్నమే చెన్నైకీ హైదరాబాద్‌కీ మ్యాచ్. టీవీ ముందే అరిటాకులు పరిచాం. చెన్నై వికెట్ తీయగానే మేమంతా ఈలలు వేస్తే, బావ ఒక్కడే మొహం ముడుచుకున్నాడు. ఏమని అడిగితే, "మన బాస మాట్లాడే ఊరు కదా హైదరాబాదు. నేను ఆ కట్చి" అంటూ తనది ఎవరి పక్షమో తేల్చేశాడు. తాత చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. తమాషా ఏమిటంటే, తెలుగువాళ్ళ జట్టు కోసం బావ తమిళంలో తిట్టుకుంటున్నాడు, చెన్నై కోసం తాత తెలుగులో మొక్కుకుంటున్నాడు. నాకు నవ్వాగలేదు.

చివరి ఓవర్ ముందు హైదరాబాద్ ఆశలన్నీ మోస్తున్న ఆటగాడు అవుటయ్యాడు. బావ టీవీ మీంచి చూపు తిప్పకుండా, విసురుగా, తన ఆకును అవతలి వైపుకు మడిచేశాడు. మా ఊళ్ళలో శుభకార్యంలో తిన్న ఆకును మన వైపే మడుస్తాం. అవతలికి మడిచేది చావింట్లోనే. అక్క మొహం పాలిపోయింది. ఆ కాపురం అక్కడే విరిగిపోతుందేమో అనుకున్నాను. తను చేసిందేమిటో అప్పటికి గాని బావకు తెలియలేదు, తల వంచుకున్నాడు.

తాత లేచాడు. కన్నబిడ్డల ఎంగిలి కూడా ముట్టి ఎరగని మనిషి, వంగి, ఆ ఎంగిలాకును తన చేత్తోనే విప్పి సరిచేశాడు. అక్క చేతిలోని గరిటె అందుకుని పాయసం వడ్డిస్తూ, అల్లుణ్ణి పిలిచే పిలుపుతోనే అన్నాడు.

"ఆట ఇంకా ముగియలే మాప్పిళ్ళే. కూసోని తినండి."

బావ ఒక్క చుక్క మిగల్చకుండా తిని, ఆకును మెల్లగా తన వైపుకు మడిచాడు. అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. చెన్నై గెలిచిందని పక్కింటి టపాకాయలను బట్టి తెలిసింది. ఒక్క బంతి పోయినా ప్రాణం పోయినట్టు ఏడ్చే, ఆనాటి నేననే ఆ వెర్రిపిల్ల, ఆ చివరి ఓవరంతా నోరు తెరుచుకుని తాత చేతినే చూస్తూ కూర్చుండిపోయింది.