అత్త చాయ, కంప్యూటర్ కూత

దయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకమూ లేదు. ఎవరన్న వచ్చి చింతచెట్ల కాడ తెల్లచీర కనబడ్డదంటే, "పొద్దుగాల ఏమన్న తిన్నవా లేదా, అది చెప్పు ముందు" అని అడిగే మనిషిని. ఇది చెప్పినంక గూడ నన్ను గట్లనే అనుకోండ్రి.

మాది గద్వాల, మగ్గం ఇల్లు. మా అత్తకు ఆఖరికి చూపు ఆనకపోయినా మగ్గం గుంతల నుంచి లేసేది కాదు. ఆమెకొక అలవాటుండె. ఏ పని అయినా గుమ్మం దిక్కు తిరిగి చెప్పేది. "కండె అయిపోయింది." "తెగిన పోగు అతికిన." గుమ్మంల ఎవ్వరుండరు.

"ఎవరికి చెప్తున్నవత్తా?" అంటే, "ఎవరో ఒకరు వింటరు తియ్యే. నాకు జర దమ్ము తీసుకున్నట్లయితది" అనేది.

చాయ కావాలంటే మాత్రం నోరు తెరవదు. పోగును అటూ ఇటూ తీసుకపోయే నాడెతోని మగ్గం కట్టెను ఒకసారి బర్రున గీకి, రెండుసార్లు టక్కుటక్కున కొడ్తది. బెల్లం చాయ పోవాల్సిందే.

ఆమె పోయినంక, ఆమె చేతి చీరంచు బొమ్మ ఉన్న కాయిదాన్ని చెదలు తిన్నయి. అప్పటికే మా ఆయన దాన్ని కంప్యూటర్ల గీసిపెట్టిండు కాబట్టి బతికినం. పెత్తరమాసకు, పోయిన పెద్దలకు బట్టలు పెడ్తం గద. "మొదటి పెత్తరమాసకు నీ అంచుతోనే చీర పెడ్తనమ్మా" అని ఆమె ఉన్నప్పుడే మాటిచ్చిండు. తీరా పండుగ దగ్గరికొచ్చేసరికి కంప్యూటర్ లేస్తలేదు. తెర నల్లగ. లోపలి నుంచి ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు.

"మీ అమ్మ చాయ అడుగుతుంది" అన్న నవ్వులాటకు. మా ఆయన నవ్వలే.

కంప్యూటర్లు బాగుచేసే రఫీక్‌ను వనపర్తి నుంచి పిలిపించినం. "గట్ల కూస్తే తెరకు బొమ్మ పంపే కార్డు పోయినట్లక్కా" అని కొత్తది పెట్టిండు. అదే కూత. అప్పుడు ఎర్ర అంకెలు వెలిగే చిన్న కార్డొకటి లోపల గుచ్చిండు.

"గిదేంది రఫీకూ?"

"కంప్యూటర్ లేసేటప్పుడు ఒక్కొక్క భాగాన్ని చూసుకుంట, యాడిదాక వచ్చిందో ఒక పోర్టుకు నెంబర్ ఏస్తదక్కా. పోర్టంటే గుమ్మమనుకో. ఆడ ఎవ్వరు లేకున్నా ఏస్తది. యాడ ఆగిందో మేము ఈ కార్డుల చదువుకుంటం. కొన్ని కంప్యూటర్లయితే లేసినంక గూడ, జర ఆగాలంటే ఊకెనే ఆ గుమ్మానికే ఓ నెంబర్ ఏస్తయి. దమ్ము తీసుకున్నట్లు."

నా చేతిల చాట ఆగిపోయింది. మా ఆయన నా దిక్కు చూసిండు.

అంకె ఒక్కకాడనే నిలబడ్డది. రఫీక్ వైరు పీకేసిండు. వైరు చేతిలుండంగనే మళ్ల కూసింది. "లోపల మిగిలిన కరెంటు" అన్నడు. కూత పెట్టే బిళ్లనే ఊడబీకి అంగి జేబుల ఏసుకున్నడు. "ఇగ కూయమను చూస్త!"

జేబు కూసింది. ఒకటి పొడుగు, రెండు పొట్టి.

రఫీక్ ఎగిరి మగ్గం గుంతల పడ్డడు. "జేబు నాది గాదు! అంగి గూడ నాది గాదు, మా అన్నది!" అని ఒకటే లొల్లి.

నవ్వు ఆపుకోలేక వంటింట్లకు పోయి, బెల్లం చాయ పెట్టిన. పెత్తరమాసకు పోయినోళ్లకు ఇష్టమైనయి పెట్టేదే గద, జర ముందుగాల పెడ్తే తప్పేందని తెచ్చి గుమ్మంల పెట్టిన. మా ఆయన వైరు పెట్టి మీట నొక్కిండు. ఆగిన అంకె కదిలింది. అంకెలు గడగడ మారినయి. తెర మీద మా అత్త అంచు కనబడ్డది. మా ఆయన కండ్లు తుడుచుకోకుండనే ముందుగాల సీడీల ఎక్కించుకున్నడు.

చీర నేసినం. పెత్తరమాసకు పెట్టినం. పక్కన చాయ గూడ.

రఫీక్ ఇప్పటికీ అమరచింత ఊర్ల ఎవరి కంప్యూటర్ లేవకున్నా ఫోన్ చేసి, "అక్కా, జర చాయ పెట్టి గుమ్మంల పెట్టరాదూ" అంటడు. పెడ్త. కొన్ని లేస్తయి, కొన్ని లేవయి. కరెంటు సంగతి అడిగితే చెప్తడు, అంకెల సంగతి అడిగితే చెప్తడు. జేబు సంగతి అడిగితే, "నాకు తెల్వదక్కా, నన్నడగకు" అని ఫోన్ పెట్టేస్తడు.

నాకూ తెల్వదు.