ధైర్యం చెప్పని డాక్టరమ్మ

డాక్టరమ్మ పోయారని ఆమె తమ్ముడు ఫోన్ చేసేసరికి నేను గోసాని నువాగాం బజార్లో కూరలు కొంటున్నాను. "పొద్దున్న అక్క లేవలేదమ్మా. గుండె" అన్నారు. బతికినంతకాలం ఆమె భయపడింది గుండెలకే. తన గుండెకి కాదు, పిల్లల గుండెలకి.

ఆమె ఒడిశా బరంపురంలో పిల్లల డాక్టరు. వైద్యంతోపాటు పరిశోధన కూడా చేసేవారు. కంఠసర్పి, అంటే డిఫ్తీరియా, పోయిందనుకున్నాక మా సముద్రం ఒడ్డు పల్లెల్లోకి మళ్లీ ఎందుకొస్తోందో తెలుసుకోవాలని ఆమె తపన. తనతో ఇల్లిల్లూ తిరిగి తల్లులతో మాట్లాడే మనిషి కోసం నన్ను ఊళ్లోనే లంజిపల్లిలో వాళ్లింటికి పిలిపించారు.

"జబ్బంటే నీకు భయమా?"

పని దొరకదనుకుంటూనే "భయమేనండి" అన్నాను.

"అయితే రేపట్నించి రా. భయం లేనోళ్లని సూస్తే నాకు మరీ భయం" అన్నారు.

ఆమె ఏ పిల్లని ముట్టుకునే ముందైనా అరచేతులు రుద్దుకుని వెచ్చబరుచుకునేవారు. ఒడియా తల్లులతో ఒడియా, తెలుగు తల్లులతో మన యాస. జీపులో మరమరాలు నమిలేవారు గానీ, పల్లె దగ్గరపడుతుంటే పొట్లం కట్టేసేవారు. ఇక గొంతు దిగేది కాదేమో.

ఒక ఏడాది వానలు తగ్గాక ఒక పల్లెలో ఆడపిల్ల గొంతు వాచి చనిపోయింది. మేము వెళ్లేసరికి జీపుకి అడ్డంగా జనం. అంతకుముందు పరీక్ష కోసం పిల్లల గొంతుల్లో దూది పుల్ల పెట్టి తడి తీసుకున్నాం. దానివల్లే జబ్బొచ్చిందని పుకారు.

"పుల్లెట్టి రోగం ఎక్కించీసి మళ్లీ ఏటికొచ్చేరు? ఎల్లిపోండి!" అంటూ ఒకతను జీపు మీద గుద్దాడు. డాక్టరమ్మ దిగారు.

గుంపు వెనక ఒక ముసలామె మనవణ్ణి చంకనేసుకుని నిలబడి ఉంది. తల్లీతండ్రీ పనికి దూరదేశం వెళ్లారట. బాబు మెడ రెండు పక్కలా వాచిపోయింది. ఊపిరి లాగినప్పుడల్లా రంపం కోసినట్టు చప్పుడు.

"వాణ్ణిలా ఇయ్యి మామ్మా."

"బతుకుతాడని సెప్పు, ఇస్తాను."

అందరూ డాక్టరమ్మ వైపే చూస్తున్నారు. ఒక్క అబద్ధమాడితే సరిపోయేది.

"అలాగని సెప్పలేను. నాకూ భయంగానే ఉంది. ఇక్కడుంటే మాత్రం వీడికి ఊపిరాడదు."

ముసలామె డాక్టరమ్మ చేతులకేసి చూసింది. బాబుని అందుకునే ముందు వాటిని రుద్ది వెచ్చబరుచుకుంటున్నారు. ఏమనుకుందో, బాబుని అందించి తనూ జీపెక్కింది. అడ్డం నిలబడినవాళ్లు మెల్లగా తప్పుకున్నారు.

జబ్బు విషానికి విరుగుడు మందు బరంపురం ఆసుపత్రిలో లేదు. పై ఊరి నుంచి రైల్లో రావాల్సి వచ్చింది. వచ్చాక మరో భయం. ఆ మందు పడక కూడా కొందరు పిల్లలు పోతారు. అది ఒంట్లోకి ఎక్కుతున్నంతసేపూ డాక్టరమ్మ బాబు మణికట్టు వదల్లేదు.

మందు పనిచేసింది. గొంతులో బూడిదరంగు పొర వీడింది. బాబు అన్నం అడిగాడు, మామ్మతో పేచీ పెట్టుకున్నాడు. వార్డులో అందరం తేలిగ్గా నవ్వుకున్నాం, ఆమె తప్ప.

"మంచం దింపకండి. గొంతులోంచి పోయినా, ఆ విషం గుండెలో దాక్కుంటాది" అనేవారు. అతిజాగ్రత్త అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం మామ్మ నీళ్లకెళ్లింది. కిటికీ అవతల కోతి కనబడిందని బాబు మంచం దూకి పరుగెత్తాడు. కిటికీ దాకా చేరలేదు. డాక్టరమ్మ పరుగున వచ్చి నేలమీదే కూర్చుని ఎంతసేపు ప్రయత్నించారో. ఆ గుండె మళ్లీ కొట్టుకోలేదు.

ఇక ఆ పల్లె గడప తొక్కలేమనుకున్నాం. కర్మ అయిపోయాక మామ్మే ఆసుపత్రికి వచ్చింది.

"మా పేటలో పిల్లలందరికీ సూదులెయ్యి. నేను అందర్నీ కూడేసి ఉంచుతాను."

"నామీద కోపం నేదా మామ్మా?"

"బతుకుతాడని సెప్పుంటే ఉండీది."

ఆ తర్వాత డాక్టరమ్మ పరిశోధనంతా గుండె చుట్టూనే తిరిగింది. గొంతు నయమైన పిల్లలకి కూడా రోజూ ఈసీజీ తీయించేవారు. విషం గుండెని పట్టే మొదటి జాడ ఎక్కడ కనబడుతుందో వెతికేవారు. పనికోసం ఊళ్లు మారే తల్లిదండ్రులతో పిల్లలూ వెళ్లిపోయి తర్వాతి టీకాలు ఆగిపోతున్నాయని రాశారు. దూరం నుంచి డాక్టర్లు వచ్చి ఆమెని అడిగి తెలుసుకునేవారు. ముందే జాడ దొరికి బతికిన పిల్లలున్నారు. దొరికినా దక్కని వాళ్లూ ఉన్నారు. ఒకసారి పేపర్లో ఆమె ఫోటో పడిందని నేను రసగుల్లాలు తీసుకెళ్తే, "అవతల పెట్టు. ఇంటికెళ్లిన పిల్లలెలా ఉన్నారో ముందు ఫోన్ చెయ్యి" అన్నారు.

ఆ ఫోన్లు చేసేటప్పుడు ఇప్పటికీ నా వేళ్లు తడబడతాయి. తడబడుతూనే చేస్తాను. అది ఆమె నాకు నేర్పిన విద్య.

నిన్న డాక్టరమ్మ దహనం అయ్యాక ఇంటికొచ్చాను. పక్కింటి అరుగు మీద చిన్నది వాళ్లమ్మ ఒళ్లో కూర్చుని జడ వేయించుకుంటోంది. మధ్యమధ్య దగ్గుతోంది. "సల్లగాలికి పట్టీసినట్టుంది అక్కా" అంది వాళ్లమ్మ, రిబ్బను పళ్ల మధ్య పట్టుకుని. తాళం చెవి చేతిలోనే ఉంది. నా గుమ్మం రెండడుగుల్లో ఉంది. వెళ్లలేక, ఆ పిల్ల మెడ వైపు చూస్తూ అక్కడే నిలబడిపోయాను.