ఎల్ఈడీ కింద మారని రాయి

మా కింది అంతస్తు ఆంటీ పోయారు. మంగళవారం పొద్దున బెడోక్ స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉండగా ఆమె కొడుకు ఫోన్ చేసి, "అక్కా, అమ్మ పోయింది. నిద్రలోనే," అన్నాడు. ఆఫీసుకు వెళ్ళకుండా వెనక్కి వచ్చేశాను.

చూడడానికి వచ్చినవాళ్ళలో ఒకావిడ, "మనిషి మంచిదే, కానీ ఆ నోరు..." అని నసిగింది. నాకు ఒళ్ళు మండింది. యథార్థవాది లోకవిరోధి అని ఊరికే అనలేదు. ఆ నోటి గురించే ఇక్కడ రాస్తున్నాను. గిట్టనివాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు.

తాతల కాలంలోనే కోస్తా నుంచి ఓడెక్కి ఈ ద్వీపానికి వచ్చిన కుటుంబం వాళ్ళది. ఆంటీ తెలుగులో అరవం, మలయ్ కలిసిపోయి ఉండేవి. "నిజం" అనాల్సిన చోట "బెతుల్" అనేవారు, మాట చివర ఊరికే ఒక "లా" తగిలించేవారు. ఒక నగల దుకాణంలో ఏళ్ళ తరబడి రాళ్ళు పరీక్షించారు. ఒక రాయి నకిలీదన్న సంగతి కొనేవాళ్ళకు చెప్పొద్దని యజమాని అడిగిన రోజున, తన భూతద్దం సంచీలో వేసుకుని ఇంటికి వచ్చేశారట. "దుకాణం వాడిది, కన్ను నాది. నాది నేను తెచ్చుకున్నా," అనేవారు.

ఆ తర్వాత మా బ్లాకులో అందరూ వారసత్వపు నగలు ఆమెకే చూపించేవాళ్ళు. ఆమెకొక అలవాటుండేది. రాయి నకిలీదైతే ఆ మాట చెప్పే ముందు తిండి పెట్టేవారు. "మకాన్ అయిందా? కూర్చో, తిను," అన్నారంటే రాయి పని అయిపోయినట్టే. ఈ సంగతి తెలిసినవాళ్ళు ఆ ఇంట్లో పళ్ళెం చూస్తేనే నీరుగారిపోయేవాళ్ళు.

నాకూ ఒకరోజు పళ్ళెం వచ్చింది.

మా నాయనమ్మ రెండు ఉంగరాలు వదిలి వెళ్ళింది. రెంటిలోనూ రంగు మారే రాళ్ళు. వాళ్ళ నాన్న రంగూన్‌లో పనిచేసేటప్పుడు కొన్నవట. పంపకాల రోజు కాకినాడలో హాల్లో కొత్తగా బిగించిన ఎల్ఈడీ లైటు కింద పట్టి చూశాం. పెద్ద రాయి నీలం నుంచి ఊదాలోకి కాస్త తిరిగింది. చిన్నది ముదురాకుపచ్చగా అలాగే ఉండిపోయింది. "నేను పెద్దదాన్ని, పెద్దది నాది," అని వేలికి పెట్టేసుకున్నాను. చెల్లి ఏమీ అనలేదు. అననివ్వలేదు అంటే సరిగ్గా ఉంటుంది.

ఆంటీ నా ఉంగరాన్ని కొంగుతో తుడిచి, భూతద్దం కంటికి ఆనించి, చాలాసేపు తిప్పి చూశారు. తర్వాత ఉప్మా పెట్టారు.

"ఆంటీ, ముందు చెప్పండి."

"తిను అమ్మాయ్." నేను తినలేదు. భూతద్దం నా చేతికిచ్చారు. "లోపల చూడు. భూమిలో పెరిగిన రాయిలో గీతలుంటే తిన్నగా ఉంటాయి. పొడిని మంటలో కరిగించి చేసినదాంట్లో వంపు తిరుగుతాయి."

చూశాను. దోసె మీద గరిటె తిప్పినట్టు సన్నటి వంపు గీతలు.

"మరి రంగు మారుతోందిగా!"

"రంగు మార్చడం ఫ్యాక్టరీవాడికీ తెలుసు లా. దీనికి జత ఉందన్నావు, అదీ తీసుకురా."

చెల్లి కూడా ఈ ఊళ్ళోనే, తంజోంగ్ పగార్‌లో ఉంటుంది. పాలిష్ పెట్టిస్తానని అబద్ధం చెప్పి ఉంగరం అడిగాను. తీసిచ్చి, "నచ్చితే నువ్వే ఉంచేసుకో అక్కా. అదెలాగూ మారదు," అంది.

ఆంటీ దాన్ని వరండాలో పగటి వెలుతురులో చూశారు. ఆకుపచ్చ. పూజ గదిలో నూనె దీపం దగ్గర పట్టారు. రాయి దానిమ్మ గింజలా ఎర్రబడింది. భూతద్దంలో మళ్ళీ మళ్ళీ చూశారు. తినమని అనలేదు.

"ఎల్ఈడీ కింద చూసి రాయిని తిట్టకూడదు. ఇలాంటివీ ఫ్యాక్టరీలో చేస్తున్నారు, ల్యాబ్ కాగితం వచ్చేదాకా ఒట్టు వేయను. కానీ నా కంటికి ఇది బెతుల్."

నా బుర్రలో చెల్లి మాటే తిరుగుతోంది. నువ్వే ఉంచేసుకో. "ఆంటీ, ఈ విషయం మా చెల్లికి..." అన్నాను.

ఆమె ఉంగరాన్ని దీపం కుంది పక్కన పెట్టేశారు. "నువ్వు చెప్పేదాకా ఇది ఇక్కడే ఉంటుంది."

"అది మీది కాదు కదా!"

"నీదీ కాదు."

తలుపు దడాలున వేసి వచ్చాను. పదకొండు రోజులు ఆమె ఎదురుపడకుండా అవతలి లిఫ్టులో తిరిగాను. ముసలావిడకి ఎంత పొగరని తిట్టుకున్నాను. ఈ రోజు చెబుతున్నాను, ఆ పొగరే లేకపోతే నేను దొంగనయ్యేదాన్ని. అదీ సొంత చెల్లెలి దగ్గర.

పన్నెండో రోజున చెల్లిని తిండికొట్లుండే హాకర్ సెంటర్‌కు పిలిచి అంతా చెప్పేశాను. అది కాఫీ కప్పును అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. "ఏ రాయి ఏదైతే నాకేంటక్కా! ఆ రోజు నువ్వు నా మొహం కూడా చూడలేదు. అదీ నా బాధ," అంది. నాకు ఏడుపు ఆగలేదు. పక్క టేబుల్‌వాళ్ళు చూశారు, చూడనీ.

ఇద్దరం వెళ్ళేసరికి ఆంటీ రెండు పళ్ళాల్లో ఇడ్లీలు పెట్టారు. నేను బెదిరిపోవడం చూసి, "ఇది ఉత్త ఇడ్లీయే, తిను," అని నవ్వారు. ల్యాబ్ కాగితం కూడా తర్వాత ఆమె మాటే చెప్పింది. నా ఉంగరం తీసేస్తానంటే ఒప్పుకోలేదు. "మీ నాయనమ్మ వేలికి ఉన్నదే కదా. పెట్టుకో. అడిగితే ఫ్యాక్టరీది అని చెప్పు. దానికేం సిగ్గు?"

పెద్దకర్మ రోజున ఆ 'కానీ' అన్నావిడ నా చెయ్యి పట్టుకుని, "అబ్బ, అసలుదేనా?" అంది.

"ఫ్యాక్టరీది. చెప్పింది ఆంటీయే," అన్నాను, గదిలో అందరికీ వినబడేలా.

ఆంటీ ఫోటో ముందు దీపం వెలుగుతోంది. వత్తి సర్దుతున్న చెల్లి వేలికి రాయి ఎర్రగా ఉంది. చీకటిగా ఉందని ఎవరో గోడకున్న ఎల్ఈడీ లైటు వేశారు. ఎరుపు చప్పున చచ్చిపోయింది. నేను లేచి వెళ్ళి, ఎవరినీ అడగకుండా, ఆ లైటు ఆపేశాను.